లైసెన్సు ఆగింది, మనిషి ఆగలేదు

చల్లపల్లి నుంచి ఒక పాఠకుడు వుత్తరం రాశారు. "హెల్మెట్ లేకుండా బండి నడిపానని మూడు నెలలు లైసెన్సు ఆపేశారు. నా ఫోటోతో వున్న కార్డు అదొక్కటే. ఆధార్ యెక్కడో పడిపోయింది, అందులో ఇచ్చిన ఫోను నంబరూ ఇప్పుడు లేదు. వచ్చే వారం అమ్మను హైదరాబాదు ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. రైల్లో, ఆస్పత్రిలో గుర్తింపు అడిగితే నేనెవరినని చెప్పుకోను?" అని వారి గోడు.

అడగవలసిన ప్రశ్నే. ఇలాంటి చిక్కులో పడి, నలుగురికీ చెప్పుకోవడం నామోషీ అనుకుని వూరుకునేవాళ్లు చాలామంది వున్నారు.

ముందు రైలు సంగతి. ఒక టిక్కెట్టు మీద ప్రయాణం చేసేవాళ్లలో ఒక్కరు అసలు గుర్తింపు కార్డు చూపితే చాలు. అమ్మగారి ఆధారో, ఓటరు కార్డో వుంటే ఇద్దరూ నిశ్చింతగా ఎక్కండి. ఫోటో అంటించిన జాతీయ బ్యాంకు పాసుబుక్కు కూడా రైల్వేవారికి సమ్మతమే.

ఇక ఆధార్. పోయింది కార్డే గాని నంబరు కాదు. 1947కు ఫోను చేస్తే వివరం చెబుతారు. స్వాతంత్య్రం వచ్చిన సంవత్సరమే గనుక మరచిపోయే నంబరు కాదది. పాత ఫోను లేదు కాబట్టి మీరు స్వయంగా ఆధార్ కేంద్రానికి వెళ్లాలి. కొన్ని పోస్టాఫీసుల్లో, బ్యాంకుల్లో, గ్రామ సచివాలయాల్లో ఈ కేంద్రాలున్నాయి. కొత్త ఫోను నంబరు చేర్పించడానికి వేలిముద్ర చాలు, వేరే కాగితం అక్కరలేదు. పొలం పనుల్లో వేళ్లు అరిగిపోయినవారికి కంటిపాప చూస్తారు. ఆ తరువాత దించుకున్న ఈ-ఆధార్‌కు, పోస్టులో వచ్చిన కార్డుకు విలువలో తేడా లేదు.

ఓటరు కార్డు పోతే ఫారం 8 ఇవ్వండి. అయితే అది చేతికి రావడానికి రోజులు పడుతుంది. వచ్చే వారానికి దాన్ని నమ్ముకోవద్దు.

లైసెన్సు మాట కూడా తెలుసుకోండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల అనర్హత. పోలీసువారు లైసెన్సు తీసుకుంటే రసీదు ఇవ్వాలి. కాని ఆ రసీదుతో బండి నడపడానికి వీల్లేదు. లైసెన్సును ఆపే వుత్తర్వు ఇచ్చేది రవాణా శాఖ అధికారి. ఇచ్చేముందు మీ మాట వినాలి. వుత్తర్వు అందిన 30 రోజులలోపల అప్పీలు చేసుకోవచ్చు. ఈలోగా బండి నడిపినా, మరొక లైసెన్సుకు దరఖాస్తు పెట్టినా మూడు నెలల వరకు జైలో, పదివేల జరిమానానో, రెండూనో పడవచ్చు. "ఇంకో జిల్లాలో తీయిస్తాను, డబ్బివ్వు" అనే పెద్దమనిషికి దూరంగా వుండండి.

అమెరికాలో వున్న మన పిల్లలకు యెక్కడికి వెళ్లినా లైసెన్సే గుర్తింపు. అందుకని అక్కడ బండి నడపనివారికి కూడా ఆ కార్యాలయమే విడిగా ఒక గుర్తింపు కార్డు ఇస్తుంది. మన రవాణా కార్యాలయంలో అటువంటిది లేదు. మనకు ఆ పని ఆధార్, ఓటరు కార్డు, పాను కార్డు చేస్తున్నాయి. కాబట్టి లైసెన్సు ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు.

కాగితాలన్నీ ఒకేచోట పెట్టవద్దని దివిసీమవారికి వేరే చెప్పాలా? 1977 నవంబరు 19 నాటి వుప్పెన ఇళ్లతోపాటు పెట్టెల్లోని కాగితాలనూ పట్టుకుపోయింది. ఒక కార్డు జేబులో వుంటే రెండోది ఇంట్లో, నకళ్లు మరో వూళ్లో వుండాలి.

మూడు నెలలు ఇట్టే గడుస్తాయి. ఆ తరువాత బండెక్కేటప్పుడు హెల్మెట్ మరవకండి. కార్డు పోతే మళ్లీ ఇస్తారు; తల పోతే ఇచ్చే కార్యాలయం బందరులోనూ లేదు, ఢిల్లీలోనూ లేదు.