కూరకు కాలమున్నది

ఋతుచర్యను పాటించవలెనని వైద్యులమందరమూ చెబుతూనే ఉన్నాము. ఏ కూర ఏ ఋతువులో పండుతుందో తెలియని గృహస్థుకు ఆ సలహా ఎంతవరకు ఉపకరిస్తుంది? పన్నెండు నెలలూ కాలీఫ్లవరు, క్యారెట్టు, చిక్కుడు ఒకే బల్లమీద కనబడుతూంటే హేమంతమేది, గ్రీష్మమేది? ఏడాదిపాటు కూరలమడి సాగుచేసిన పిమ్మట నాకు స్థిరపడిన అభిప్రాయమొకటున్నది. ఋతుచర్యను గ్రంథము కంటె మడి త్వరగా బోధిస్తుంది.

మా చోడవరం చెరకు పండే సీమ. పూర్వం విశాఖపట్నం జిల్లాలోనిది, 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఇంటి వెనుక పెరడు లేనందున, ఊరి చివర మిత్రుని చెరకుతోటను ఆనుకొని ఉన్న ఆరు సెంట్లు తీసుకున్నాను. కౌలు వారానికొక గంపెడు కూరలు. మృగశిర కార్తె వానకు బెండ, బీర, ఆనప, పొట్ల, తోటకూర విత్తి, కంచె పొడుగునా దేశవాళీ చిక్కుడు పెట్టించాను.

ఆషాఢంలో తోటకూర కన్నులపండువగా పెరిగింది. శ్రావణపు ముసురు పట్టగానే ఆకునిండా బురద, అడుగున పురుగు గుడ్లు, జల్లెడవలె చిల్లులు. చాతుర్మాస్యంలో మొదటి నెల శాకములను విడిచే ఆచారము పాఠకులకు తెలిసినదే. చరకసంహిత సూత్రస్థానము 27వ అధ్యాయంలో పురుగు పట్టినది, గాలికీ ఎండకూ దెబ్బతిన్నది, ఎండినది, ముదిరినది, కాలముగానిది అయిన శాకమును వర్జించమన్నారు. గురుకులంలో మేము వల్లెవేసిన దోషాలలో రెండు మూడు ఒక్క తోటకూర ఆకుమీదనే కనబడినవి! వర్షర్తువులో జఠరాగ్ని మందగిస్తుందని శాస్త్రము. అగ్ని మందగించే కాలము, ఆకు చెడే కాలము ఒకటే అన్నమాట. ఆ నెల మా ఇంట బీర, పొట్ల, ఆనపలను మిరియాలు, శొంఠి చేర్చి వండుకొన్నాము. ఆకుకూర తప్పనిసరి అయినవారు బాగుగా కడిగి, ఉడికించి, నీరు వార్చి, నేతితో తాలింపు పెట్టుకోవలెను. ఇదియును చరకుడు చెప్పిన పద్ధతియే. నీరు వార్చితే పోషకములు కొంత పోతాయన్నమాట నిజమే. వానకాలపు ఆకు విషయంలో ఆ నష్టము భరించదగినది.

ఇక చిక్కుడు. భాద్రపదానికే తీగ కంచె దాటి చెరకుమీదికి పాకింది, పువ్వు మాత్రం లేదు. ఇంటిల్లిపాదీ ఎరువు చాలలేదన్నారు. దేశవాళీ చిక్కుడు పగటిపొద్దు కురుచైతేగాని పూయదు. గాదెలకొద్దీ ఎరువు పోసినా అంతే. కార్తికంలో పూత వచ్చింది, మార్గశిరం నుండి కాయ. రథసప్తమి నాటికి కోసినకొద్దీ కాయ. ఆనాడు సూర్యునికి చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించడం ఊరకే ఏర్పడిన ఆచారము కాదు. చిక్కుడు గురువు, వాతకరము. అగ్ని బలముగా ఉండే హేమంత శిశిరములలోనే అది సుఖంగా జీర్ణమవుతుంది. మనవారు దానికి నువ్వులపొడి చేర్చి వండేది కూడా చలికాలంలోనే.

బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారు పగటి నిడివితో నిమిత్తము లేని అర్క జయ్, అర్క విజయ్ అనే పొదచిక్కుడు రకాలను రూపొందించారు. రైతుకు అవి మేలు చేస్తాయి గనుక వాటిని నేను కాదనను. అయితే జ్యేష్ఠమాసంలో చిక్కుడు తిని కడుపుబ్బరమని వచ్చిన వారికి ఏమి తిన్నారని అడగకుండా చూర్ణము పొట్లము కట్టి పంపడం వైద్యము కాదని నా మతము.

పురుగుకు వేపగింజల పొడి లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెము కుంకుడు రసము కలిపి చల్లించాను. పురుగు పూర్తిగా పోలేదు, తగ్గింది. పుచ్చు ఉన్నంతమేర కోసివేసి వండుకొన్నాము. గ్రీష్మంలో ఆనప, దోస, బచ్చలి తప్ప మడిలో నిలిచినదేదీ లేదు. ఆ ఋతువులో శాస్త్రము కోరేదీ అట్టి చలువ చేసే, నీరుగల ఆహారమే. ఖర్చు లెక్క చూస్తే మిగులు లేదని కూడా చెప్పవలసి ఉన్నది. నీటికీ కూలికీ అయిన సొమ్ముతో బజారులో అన్ని కూరలూ వచ్చేవి.

మేడమీది వాటాలలో ఉండేవారు ఆరు సెంట్లకై వెతకనక్కరలేదు. పెద్ద తొట్టిలో ఒక్క దేశవాళీ చిక్కుడు గింజ ఆషాఢంలో పెట్టి, పిల్లలచేత నీరు పోయించండి. తొట్టిని రాత్రిపూట వీధిదీపపు వెలుగు పడనిచోట ఉంచండి. దీపకాంతి సోకితే తీగకు రాత్రి నిడివి తెలియక పూత ఆలస్యమవుతుంది.