బేతాళుడు చెట్టు దిగి ఎక్కడికి పోయాడు?

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (ఎకనామిక్స్)

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో పూర్వ విద్యార్థులు సాధారణంగా చదువు గురించి, క్రమశిక్షణ గురించి, తల్లిదండ్రుల కష్టం గురించి రాస్తారు. అవి రాయదగ్గవే. నేను మాత్రం ఈసారి బొమ్మల కథల పుస్తకాల గురించి రాస్తున్నాను. "ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకుని, పి.జి. దాకా వెళ్లి, చివరికి బొమ్మల పుస్తకాల గురించా?" అని నవ్వకండి తమ్ముళ్లూ! చివరిదాకా చదవండి. అప్పటికీ నవ్వొస్తే నవ్వుకోండి.

ఆదివారం మన కుర్రాళ్లు నలుగురు ఒకచోట చేరితే వచ్చే గొడవ మీకు తెలిసిందే. 2019లో 'ఎవెంజర్స్: ఎండ్‌గేమ్' తెలుగులో కూడా వచ్చింది. దాని తర్వాత మార్వెల్ సినిమాల్లో పస తగ్గిపోయిందని ఒకడంటాడు. నీకు సినిమా చూడ్డం రాదని ఇంకొకడంటాడు. ఇక మొయిద జంక్షన్ టీ కొట్టు దగ్గర పెద్దవాళ్ల గొడవ వేరు. అది 'చందమామ' గొడవ. "కుటుంబరావు గారు పోయాక కథల్లో ఉప్పు తగ్గిపోనాది బాబూ" అని ఒక రిటైర్డు మాస్టారు. "ఉప్పుకేటి మాస్టారూ! టీవీ వచ్చింది, సెల్లు వచ్చింది, సదివీవోడేడండీ?" అని ఒక కండక్టరు గారు. ఇద్దరూ ఇంకో టీ చెప్పుకుంటారు గానీ మాట మాత్రం తెగదు.

ఆలోచిస్తే ఈ రెండు గొడవలూ ఒకటే. నాణ్యత పోయినందువల్ల అమ్మకం పోయిందా? కాలం మారినందువల్ల పోయిందా? ఈ ప్రశ్నకు అభిమానులు చెప్పే రెండు జవాబుల్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఆ రెంటిలోనూ మనం లేము. నా బాధ అదీ.

ముందు మాస్టారి వాదన చూద్దాం. 'చందమామ'ను 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో ప్రారంభించారు. 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని నడిపించారు. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి ఒకదాని తర్వాత ఒకటిగా జానపద ధారావాహికలు రాశారు. శంకర్ గారి బొమ్మల్లో విక్రమార్కుడు చేత కత్తి, భుజాన శవంతో నడుస్తూనే ఉన్నాడు. సంస్కృతంలో బేతాళ కథలు 25 మాత్రమే. చందమామ వాటిని దాటి, సొంతంగా కథలు అల్లి, దశాబ్దాల తరబడి నెలనెలా వేసింది. ప్రపంచంలో ఏ సూపర్‌హీరోకీ తీసిపోని వరుస అది!

ఆ కథకు ప్రాణం కత్తిలో లేదు, ప్రశ్నలో ఉంది. బేతాళుడు అడిగే ప్రశ్నకు జవాబు రెండు వైపులా లాగాలి. మనకు తెగనిది రాజు తెంచాలి. అప్పుడే ఆయన మౌనం వీడినందుకు విలువ. రాను రాను అలాంటి ముడి ఉన్న ప్రశ్నలు తగ్గాయని మాస్టారి ఆరోపణ. పాత సంపుటాలు, తర్వాతి సంచికలు పక్కపక్కన పెట్టి చదివాక ఆయన మాటలో నిజముందనే నాకూ అనిపించింది. పదేళ్ల పిల్లవాడు సగంలోనే చెప్పేయగల జవాబు కోసం రాజు నోరు తెరవడం దేనికి?

అమెరికా వాళ్ల సూపర్‌మ్యాన్‌దీ ఇలాంటి కథే. 1938లో పుట్టిన ఆ హీరోని 1992లో చంపేశారు. జనం ఎగబడి కొన్నారు. మరుసటి ఏడాదే లేపి తీసుకొచ్చారు. మన శవం నెలనెలా చెట్టెక్కినట్టే వాళ్ల హీరోలూ చచ్చి లేవడం మొదలుపెట్టారు. చావుకు బరువు లేకపోయాక బతుకు మీద ఆసక్తి ఎక్కడుంటుంది? "మా పుస్తకాలు పాడైపోయాయి" అని అక్కడి అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నది ఇందుకే.

ఇప్పుడు కండక్టరు గారి వాదన. టీవీ, సెల్లు వచ్చి పుస్తకాన్ని చంపాయన్నది. ఇది సగం నిజమే. కానీ టీవీ, సెల్లు కేరళకు రాలేదా? అక్కడ 1972లో మొదలైన పిల్లల పత్రిక 'బాలరమ' నేటికీ వస్తోంది. 1984 నుంచి అందులో 'మాయావి' బొమ్మల కథలు వేస్తున్నారు. దాన్ని నడిపేది ఒక పెద్ద దినపత్రిక సంస్థ. పేపరు వెళ్లే దారినే పిల్లల పుస్తకమూ గుమ్మం దాకా వెళ్లగలదు. అంటే కాలం ఒక్కటే కారణం కాదు, దారి కూడా కారణమే.

ఇక మన పత్రికకు ఏమైంది? 1998లో కార్మిక వివాదంతో ఆగింది. ఏడాది దాటాక మళ్లీ మొదలైంది. 2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనుక్కుంది. కొత్త రూపం వచ్చింది, పాత అభిమానులకు అది నచ్చలేదు. ఆ కంపెనీయే కష్టాల్లో పడింది. 2013 నాటికి చందమామ ఆగిపోయింది. ఒకసారి చదువరి అలవాటు తెగిపోతే మళ్లీ అతకడం కష్టం. హాస్టల్లో ఒక నెల పేపరు రాకపోతే రెండో నెల ఎంతమంది అడుగుతారో మనకు తెలుసు కదా!

నేను అర్థశాస్త్రం చదివాను కాబట్టి ఒక చిన్న లెక్క చెబుతాను. అమ్ముడైన కాపీలు వేరు, చదివిన మనుషులు వేరు. అభిమానులు ఎప్పుడూ మొదటిదే లెక్కపెడతారు. 1991లో అమెరికాలో 'ఎక్స్‌మెన్' కొత్త వరుస మొదటి సంచిక ఒక్కటే 80 లక్షల కాపీలకు పైగా పోయింది. దాన్ని అయిదు రకాల అట్టలతో వేశారు. రేపు ధర పెరుగుతుందన్న ఆశతో ఒక్కొక్కరు నాలుగేసి, అయిదేసి కొని దాచుకున్నారు. లెక్కలో కాపీలు ఘనం, చదువరులు కాదు. ఆ బుడగ పేలింది. 1996 డిసెంబరులో మార్వెల్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అంతకు ముందే, 1970ల నుంచి, ఆ పుస్తకాలు వీధి కొట్ల నుంచి ప్రత్యేక దుకాణాలకు మారుతూ వచ్చాయి. చేతిలో చిల్లర ఉన్న పిల్లవాడు వెనక్కి పోయాడు, జీతమున్న అభిమాని ముందుకొచ్చాడు. ఇప్పుడు వాదించుకునేది ఆ అభిమానులే.

మన దగ్గర దీనికి తిరగేసిన లెక్క. కొన్న కాపీ ఒకటి, చదివినవాళ్లు వందమంది. మంగలి షాపులో ఒక చందమామ ఉంటే వీధి వీధంతా చదివేది. మాస్టారి ఇంట్లో ఒకటి ఉంటే క్లాసంతా చదివేది. మా నాన్న ఎప్పుడూ చందమామ కొనలేదు. కొనగలిగే ఇల్లు కాదు మాది. నేను హాస్టల్లో చేరిన రెండేళ్లకే ఆ పత్రిక ఆగిపోయింది కూడా. అయినా నేను చందమామ చదివాను. ఎలాగంటే, ఎవరో ఇచ్చిన పాత సంచికలు కలిపి కుట్టిన సంపుటం ఒకటి చేతులు మారి మారి నా దాకా వచ్చింది. అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. ఒక ధారావాహిక మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోయేది. ఆ ముగింపు ఏమై ఉంటుందో రాత్రి లైట్లు తీసేశాక మేం ముగ్గురం తలో రకంగా చెప్పుకునేవాళ్లం. పాఠ్యపుస్తకం బయట తెలుగు చదవడం నాకు అక్కడే వచ్చింది. ఏ అమ్మకాల లెక్కలోనూ మేం ముగ్గురం లేము.

అందుకే అంటున్నాను. చందమామను చంపింది పలచని కథలూ కాదు, సెల్లూ కాదు. అవి జబ్బు చేయించి ఉండొచ్చు. కొననివాడికి కూడా పుస్తకం అందే దారులు ఒక్కొక్కటే మూసుకుపోవడం అసలు దెబ్బ. కొననివాడే రేపు ఉద్యోగం వచ్చాక కొనేవాడు. వాడిని తయారు చేసుకోని పత్రికకు అభిమానులు మిగులుతారు, చదువరులు మిగలరు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మన పెద్దలు కడుతూనే ఉన్నారు. ఆ పైసల్లోంచి పిల్లల బీరువాకు ఎంత చేరుతోందో ఎప్పుడైనా అడిగామా? ఇంగ్లీషు కామిక్ పుస్తకం కొందామంటే ధర వందల్లో ఉంటుంది. మన కాస్మెటిక్ చార్జీల్లో సబ్బు, కొబ్బరినూనె పోగా మిగిలేదెంత?

ఇంకొక మాట కూడా చెప్పాలి. కొందరు పెద్దలకు కోపం రావచ్చు, క్షమించాలి. చందమామ కథల్లో బీదవాడి తెలివి గెలిచేది, అది గొప్ప విషయం. కానీ ఆ కథల్లోని ఊరికి ఒక బావి ఉండేది. ఆ బావిలో చేద వేయకూడనివాళ్లు ఎవరో ఆ కథలు చెప్పేవి కావు. రాజు ఉన్నాడు, జమీందారు ఉన్నాడు, వ్యాపారి ఉన్నాడు. మన పేట లేదు. 'అమర చిత్ర కథ' వాళ్లు 1979లో బాబాసాహెబ్ అంబేడ్కర్ గారి మీద బొమ్మల పుస్తకం తెచ్చారు. 2011లో గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ తమ సంప్రదాయ బొమ్మలతో 'భీమాయన' వేశారు. బడిలో దాహం వేసిన పిల్లవాడికి నీళ్లు ముట్టనివ్వకపోవడం ఆ పుస్తకంలో ఉంది. బొమ్మల కథ మన గురించి కూడా ఉండగలదని అవి నిరూపించాయి. నాణ్యత తగ్గిందని వాదించేవాళ్లు ఈ కొలతను కూడా పక్కన పెట్టుకోవాలి. అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది కూడా నాణ్యతే.

మరి ఇప్పుడేం చేద్దాం? చందమామను మళ్లీ తెమ్మని ఎవరినో అడగడం నా ఉద్దేశం కాదు. మన చేతిలో ఉన్నవి రెండు చెబుతాను.

మొదటిది పూర్వ విద్యార్థులకు. అన్నలూ! ఏటా వార్షికోత్సవానికి షీల్డులు, శాలువాలు ఇస్తున్నారు, సంతోషం. వాటితో పాటు ఒక్కొక్కరు ఒక్క పుస్తకం ఇవ్వండి. బొమ్మలున్నది, తెలుగులో ఉన్నది, పిల్లవాడు పడుకుని చదువుకునేది. దాన్ని తాళం వేసే బీరువాలో పెట్టొద్దు, మూత లేని పెట్టెలో పెట్టండి. చిరిగితే చిరగనివ్వండి. చిరగని పుస్తకం ఎవరూ చదవని పుస్తకం. నేను చదివిన సంపుటం అందుకు సాక్ష్యం.

రెండోది తమ్ముళ్లకు. మీలో బొమ్మలు వేసేవాళ్లున్నారు. రికార్డు పుస్తకాల వెనక పేజీల్లో నేను చూశాను, మాస్టార్లు కూడా చూశారు! చందమామకు ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారు పరాయివాడు కాదు, 1921లో మన పక్క శ్రీకాకుళంలోనే పుట్టారు. దాసరి సుబ్రహ్మణ్యం గారు 'శిథిలాలయం' ఊహించి రాయాల్సి వచ్చింది. మనకు ఊహించే పని కూడా లేదు. రామతీర్థం దగ్గర గురుభక్తుల కొండ మీద బౌద్ధుల శిథిలాలు నిజంగానే ఉన్నాయి. కింద చంపావతి ఉంది, ఊళ్లో జూట్ మిల్లు ఉంది, తెల్లారకుండా షిఫ్టుకు వెళ్లే మనుషులున్నారు. ఇంకేం కావాలి కథకి? మన సంచికలో వచ్చే ఏడాది నాలుగు పేజీలు బొమ్మల కథకు కేటాయించమని వార్డెన్ గారిని, సంపాదక వర్గాన్ని ఈ వ్యాసం ద్వారా కోరుతున్నాను. హీరో ఎగరక్కర్లేదు. హాస్టల్ పెట్టె మోసుకుని బస్సు దిగినా చాలు. కానీ బేతాళుడిలా అతణ్ని ఒక ప్రశ్న అడగండి. జవాబు తేలిగ్గా దొరకని ప్రశ్న.

అభిమానుల వాదన అలాగే సాగనివ్వండి, అందులో తప్పులేదు. ఇష్టం లేనిదాని గురించి ఎవరూ అంతసేపు పోట్లాడుకోరు. కానీ మనం వాదనలో చేరే ముందు చదువరుల్లో చేరాలి. జూన్‌లో హాస్టల్ తెరిచేసరికి ఆ పెట్టె నడవాలో ఉండాలని నా కోరిక. అందులో మొదటి రెండు పుస్తకాలు నావి. ఈ సంచికతో పాటే వార్డెన్ గారికి అందజేస్తున్నాను. మూడోది ఎవరిదో మీరే చెప్పండి.