గోదావరి వెంట సముద్రం దాకా: కుక్కతో వచ్చే బాటసారులకు ఒక విడిది

తెలంగాణ రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ యాజమాన్యానికి బహిరంగ లేఖ



2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరం, భద్రాచలం వంటి క్షేత్రాల్లో స్నానఘట్టాలతో పాటు వాహనాలు నిలిపేందుకు విశాలమైన స్థలాలను చదును చేయడం, వాటికి నీటి గొట్టాలు, విద్యుత్ దీపాలు, మరుగుదొడ్లు అమర్చడం ప్రతి పుష్కరానికీ తప్పనిసరిగా జరిగే పని. పన్నెండేళ్లకొకసారి పన్నెండు రోజుల కోసం ఇంత శ్రమ పడి సిద్ధం చేసే స్థలాల్లో కొన్నింటినైనా ఆ తర్వాత తుమ్మచెట్లకు వదిలిపెట్టకుండా, ఇంటిబండిలో దూరప్రయాణం చేసే కుటుంబాలకూ, వారితో పాటు వచ్చే పెంపుడు కుక్కలకూ ఏడాది పొడవునా రాత్రి విడిదిగా ఉంచాలన్నదే ఈ లేఖలోని విన్నపం. ఇక్కడ ఇంటిబండి అంటే లోపలే పడక, చిన్న వంటగట్టు, నీటితొట్టి అమర్చుకున్న మోటారు వాహనం. పర్యాటక రంగంలో దీనినే క్యారవాన్ అనీ, క్యాంపర్ అనీ పిలుస్తున్నారు.

ఈ విన్నపం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎందుకు వస్తున్నదో చెప్పాలంటే ముందుగా దారిని చూడాలి. ఈ మూడు పట్టణాలకూ సముద్రం దూరం, గోదావరి దగ్గర. కోరుట్ల నుంచి జగిత్యాల మీదుగా ధర్మపురి చేరే 63వ నంబరు జాతీయ రహదారి నేరుగా నది ఒడ్డుకు తీసుకుపోతుంది. సిరిసిల్లను ఆనుకుని పారే మానేరు కూడా చివరకు గోదావరిలోనే కలుస్తుంది. ధర్మపురి నుంచి మంథని, కాళేశ్వరం, ఏటూరునాగారం, భద్రాచలం మీదుగా రాజమహేంద్రవరం చేరి, ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలిన నదిలో వశిష్ఠ పాయ వెంట అంతర్వేది దాకా వెళితే 500 కిలోమీటర్లకు మించిన దారి అవుతుంది. అక్కడికి సమీపంలోనే 216వ నంబరు జాతీయ రహదారి ఉంది. కత్తిపూడిలో మొదలై కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరే ఈ రహదారి తీరాంధ్రకు నిజమైన సముద్రతీర బాట. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా పరుగుతీసే 16వ నంబరు రహదారి కన్నా ఇదే కడలికి దగ్గరగా నడుస్తుంది. తెలంగాణ వాసికి సముద్రాన్ని చూపించగల దారుల్లో నది చూపించే ఈ దారికి సాటి వచ్చేది లేదు.

ఈ బాట కొత్తది కాదు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతానికి సమీపంలోని కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసే మేలురకం ఉక్కుకు పేరుపొందింది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు ఇనుము, ఉక్కు తూర్పు తీరపు రేవుల నుంచి ఓడలెక్కేవి. అంతకు ముందే, 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు; ఆ మోటుపల్లి నేటి 216వ నంబరు రహదారికి ఎంతో దూరంలో లేదు. దక్కను లోపలి నేలకూ రేవులకూ మధ్య సరకులు మోసినవారిలో బంజారాలు ముఖ్యులు. వేలాది ఎడ్ల వీపుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని, భార్యాబిడ్డలతో సహా కదిలే ఆ తండాలకు రాత్రిపూట కాపలా కుక్కలదే. దక్కను సంచార జనాలు పెంచిన పొడుగుకాళ్ల వేటజాతి, కారవాన్ హౌండ్ అనీ ముధోల్ కుక్క అనీ పేరున్నది, నేటికీ కర్ణాటకలోని ముధోల్ ప్రాంతంలో నిలిచి ఉంది. భారత తపాలా శాఖ 2005లో దాని బొమ్మతో బిళ్ల కూడా విడుదల చేసింది. తీరప్రాంతానికి కూడా తనదైన జాతి ఉంది: కొల్లేరు పరిసరాల్లో బాతుల మందలను కాసిన జొన్నంగి కుక్క. గోదావరి ఒడ్డున మేత కోసం గొర్లను తోలుకుపోయే కురుమ, గొల్ల కుటుంబాలు ఈనాటికీ మంద వెంట కుక్క లేకుండా ఊరు దాటవు. ఓదెలలోనూ కొమురవెల్లిలోనూ మల్లన్నను కొలిచే ఈ సమాజానికి కుక్క దేవుని పరివారంలోనిదే. కచ్చురం కట్టుకుని, అంటే గూడు వేసిన ఎడ్లబండిలో, జాతరకు పోయిన తరాలకు బండి కింద నీడలో నడిచే కుక్కను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నే రాలేదు. బండి విప్పిన చెట్టుకిందనే దానికీ చోటుండేది. మోటారు వాహనం వచ్చాక ఎడ్లు పోయాయి, కుక్క మిగిలింది, చెట్టుకింద చోటు మాత్రం పోయింది.

నేడు జగిత్యాల నుంచి ఒక కుటుంబం కుక్కతో సముద్రతీరానికి బయలుదేరదలిస్తే దానికున్న మార్గాలు బహు కొద్ది. రైలులో ఏసీ మొదటి తరగతి గది మొత్తాన్ని తమ పేరున తీసుకుంటే తప్ప కుక్కను వెంట కూర్చోబెట్టుకోవడం సాధ్యం కాదు, లేకుంటే దానిని బ్రేక్ వ్యానులోని పెట్టెలో వేయాలి. 2017లో పూర్తయిన పెద్దపల్లి-నిజామాబాద్ మార్గంలో జగిత్యాల, కోరుట్లలకు రైలు ఉన్నా సిరిసిల్ల మార్గం ఇంకా నిర్మాణంలోనే ఉంది. బస్సు సంగతి చెప్పనక్కరలేదు: 2022లో పెద్దపల్లి నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో కోడిపుంజుకు 30 రూపాయల టికెట్ కొట్టడం రాష్ట్రమంతటా వార్త అయిందంటే, జంతువుతో ప్రయాణంపై నియమం ప్రజలకు ఎంత అస్పష్టంగా ఉందో తెలుస్తుంది. ఇక మిగిలింది సొంత వాహనం. అది ఇంటిబండి అయితే గది కోసం ఎవరినీ అడగనక్కరలేదు. కావలసినదల్లా భద్రంగా బండి నిలిపే నేల, నీరు, నీడ, మురుగు వదిలే చోటు. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ క్యారవాన్ విడిదుల ఆలోచనను 2010 నాటికే విధానంగా ముందుకు తెచ్చింది. కేరళ 2021లో కేరవాన్ కేరళ పేరుతో దానిని ఆచరణలో పెట్టింది. గోదావరి వంటి నది, దాని ఒడ్డున ఇన్ని క్షేత్రాలు ఉన్న తెలంగాణ ఈ విషయంలో వెనుకబడి ఉండటానికి తగిన కారణం కనబడదు.

నీడను గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఈ ప్రయాణంలో ప్రాణాపాయం ప్రధానంగా ఎండ నుంచే వస్తుంది. జగిత్యాల జిల్లాలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు అరుదు కావు. మనిషికి ఒళ్లంతా చెమట పట్టి శరీరం చల్లబడుతుంది. కుక్కకు ఆ సౌకర్యం పాదాల అడుగున తప్ప దాదాపు లేదు, నాలుక చాచి రొప్పడం ద్వారానే అది లోపలి వేడిని బయటికి పంపుతుంది. దాని సహజ శరీర ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల వరకు ఉంటుంది. అది 41 డిగ్రీలు దాటితే వడదెబ్బగా భావించి వెంటనే చల్లని నీటితో తడిపి, గాలి తగిలేలా చేసి, వైద్యునికి చూపాలి. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపల అరగంటలోనే బయటికన్నా 15 డిగ్రీలకు పైగా వేడి పెరుగుతుంది గనుక, దర్శనానికో భోజనానికో వెళుతూ కుక్కను కారులో బంధించడం దానిని చంపడంతో సమానమే. దర్శనానికి వెళ్లే కుటుంబం తమలో ఒకరిని కుక్క దగ్గర కూర్చోబెట్టగల నీడ ఉంటే చాలా ప్రాణాలు దక్కుతాయి.

ఇక్కడి పొడి ఎండకు అలవాటుపడినవారు తీరంలో మరో పొరపాటు చేసే వీలుంది. కాకినాడలోనో బాపట్లలోనో ఉష్ణోగ్రత 35 డిగ్రీలే చూపినప్పుడు జగిత్యాలవాసికి అది చల్లదనంగా అనిపిస్తుంది. కాని గాలిలో తేమ ఎక్కువైనప్పుడు నాలుక మీది తడి త్వరగా ఆవిరి కాదు, కాబట్టి కుక్క ఎంత రొప్పినా వేడి తగ్గదు. పగ్ వంటి పొట్టి మూతి జాతులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. దాహంతో సముద్రపు నీరు తాగిన కుక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నవంబరు నుంచి జనవరి వరకు చల్లని నెలలే అయినా అక్టోబరు, డిసెంబరుల మధ్య బంగాళాఖాతంలో తుపానుల కాలం; అంటే అన్ని విధాలా అనుకూలమైన రోజులు స్వల్పం. కనుక ఆ రోజుల వాతావరణ సూచనలు విడిది దగ్గర బోర్డు మీద కనబడటం అలంకారం కాదు, అవసరం.

కుక్క అనగానే భయపడే ప్రజలు ఉన్నారు, వారి భయం న్యాయమైనది. వీధికుక్కల దాడిలో పసిపిల్లలు చనిపోయిన దుఃఖం ఈ రాష్ట్రంలో మానని గాయం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికినవారు అత్యంత అరుదు. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం లేకుండా టీకా వేయించుకోవడమే రక్షణ. అందుకే విడిదిలోకి వచ్చే ప్రతి కుక్కకూ ఆ ఏడాది వేసిన రేబిస్ టీకా ధ్రువపత్రం, మెడపట్టీ, తాడు తప్పనిసరి కావాలనీ, మలాన్ని యజమానే ఎత్తివేయాలనీ, ఈ నియమం తప్పినవారిని ఆ రాత్రే పంపివేయాలనీ ఈ లేఖ కోరుతోంది. స్నానఘట్టాల దగ్గరకు కుక్కలను ఏ రోజూ రానీయకూడదు. పుష్కరాల పన్నెండు రోజుల్లో లక్షలాది జనం మధ్య వాటికి విడిదుల్లోనూ ప్రవేశం ఉండకూడదు, అది భక్తులకూ మంచిది, బెదిరిపోయే ఆ జంతువుకూ మంచిది.

ఈ నియమాలు కాగితం మీదనే మిగలకుండా చూసే శక్తి కోరుట్లలోనే ఉంది. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల ఈ పట్టణంలో నడుస్తున్నది. ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని పరీక్షించి పత్రం ఇవ్వడం, టీకాలు వేయడం, పిడుదులను, అంటే ఇక్కడివారు గోమార్లనే రక్తం పీల్చే పురుగులను, అవి తెచ్చే జ్వరాలను గుర్తించడం వంటి పనులను వారానికొక రోజు రహదారి పక్కన శిబిరంగా నిర్వహిస్తే బాటసారికి వైద్యం, విద్యార్థికి అనుభవం సమకూరుతాయి. ఆ శిబిరానికి చుట్టుపక్కల ఊళ్ల వీధికుక్కలను కూడా తెచ్చి టీకాలు వేయడం ఇంకా మేలు: ఒక ప్రాంతపు కుక్కల్లో నూటికి 70కి టీకా అందితే రేబిస్ వ్యాప్తి ఆగుతుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించిన లెక్క, 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను అంతం చేయాలన్నది భారత ప్రభుత్వ లక్ష్యం.

అడవికీ, కడలికీ సంబంధించి హద్దులు మరింత కఠినంగా ఉండాలి. ధర్మపురికి ఎదుటి ఒడ్డున కవ్వాల్ పులుల అభయారణ్యం, దిగువన ఏటూరునాగారం అభయారణ్యం ఉన్నాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో 20కి పైగా సింహాలు మరణించినప్పుడు వాటిలో కుక్కలకు సోకే డిస్టెంపర్ వైరస్ బయటపడింది. టీకా లేని ఒక కుక్క అడవికి ఎంతటి కీడు తేగలదో దానిని బట్టి గ్రహించవచ్చు. తీరంలో జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, ఒక్కొక్క గుంటలో సుమారు నూరు గుడ్లు పెట్టి ఇసుక కప్పి వెళతాయి. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ జీవి గుడ్లను కుక్కలు వాసన పట్టి తవ్వి తింటాయి. ఇసుకను చూసి ఆనందంతో పరుగెత్తే పెంపుడు కుక్క కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆ నెలల్లో చీకటి పడ్డాక తీరంలోకి కుక్కను తీసుకుపోరాదన్న హెచ్చరిక, తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ధర్మపురి విడిదిలోనే ప్రయాణికుడి చేతికి కాగితంగా అందాలి. ఇసుక మీద కాలు పెట్టాక చెప్పే నియమాన్ని ఎవరూ వినరు.

ఖర్చు విషయం క్లుప్తంగా. వేములవాడ, బాసర, కాళేశ్వరం, భద్రాచలం వంటి చోట్ల సంస్థకు హరిత హోటళ్లు ఉన్నాయి. వాటి ఆవరణలో నాలుగైదు బండ్లకు చోటు, ఒక కుళాయి, ఒక మురుగు తొట్టి, రాత్రి కాపలా ఏర్పాటు చేస్తే మొదటి అడుగు పడుతుంది, నామమాత్రపు రుసుముతో నిర్వహణ ఖర్చు చాలా వరకు గట్టెక్కుతుంది. నీడకు గుడ్డ సిరిసిల్లలోనే తీసుకోవాలి. ఆర్డర్లు వచ్చినప్పుడు మాత్రమే ఆడే సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆ పట్టణంలో వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని నమ్ముకున్న కార్మికులకు పందిళ్ల బట్ట, గుడారాల బట్ట నేసే పని ప్రభుత్వ సంస్థ నుంచి రావడం దయ కాదు, సరైన కొనుగోలు.

చివరగా, ఈ బాట సగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. భద్రాచలం దాటిన బండికి రాజమహేంద్రవరంలో, అంతర్వేదిలో, బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో ఇవే నియమాలు, ఇదే పత్రం చెల్లుబాటు అయ్యేలా రెండు రాష్ట్రాల పర్యాటక సంస్థలు పుష్కరాల సన్నాహక సమావేశాల్లోనే ఒక ఒప్పందానికి రావాలి. పుష్కర పనులకు స్థలాలు ఖరారు కాకముందే ధర్మపురిలో ఒక విడిదిని ఇందుకోసం గుర్తించి, దాని నియమాలను తెలుగులో ముద్రించి ప్రకటించాలని సంస్థ యాజమాన్యాన్ని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రజల పక్షాన ఈ లేఖ అభ్యర్థిస్తోంది.