ఆట వేరు, వెలుగు వేరు

మొన్న ఇంగ్లీషు క్లాసులో మాష్టారు నన్ను లేపి, "ఉదాహరణతో వివరించడాన్ని ఏమంటారు?" అని అడిగారు. "ఇల్యూజన్ సార్" అన్నాను. ఇలస్ట్రేషన్ అనాలి. క్లాసంతా ఘొల్లున నవ్వింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సాయంత్రం స్టడీ అవర్లో పెద్ద డిక్షనరీ తీసి చూశాను.

రెండూ లాటిన్ నుంచి వచ్చిన మాటలే. చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ ఇంటిపేర్లు వేరు. ఇల్యూజన్‌కి మూలం 'లూడెరే', అంటే ఆడుకోవడం. ఆదివారం మనం ఆడే లూడో పేరూ అక్కడిదే. దానికి 'ఇన్' చేరి 'ఇల్లూడెరే' అయ్యింది. అంటే ఎదుటివాణ్ణి ఆటపట్టించడం, ఎగతాళి చేయడం. మన కళ్లే మనల్ని ఆటపట్టిస్తే అది భ్రమ. ఎండాకాలం తారురోడ్డు మీద నీళ్లున్నట్టు కనిపించే ఎండమావి అలాంటిదే.

ఇలస్ట్రేషన్‌కి మూలం 'ఇల్లుస్ట్రారే', అంటే వెలుగు పడేలా చేయడం. బొమ్మ అనే అర్థం తర్వాత వచ్చింది. నరసాపురంలో పుట్టిన బాపుగారు కథలకు వేసిన బొమ్మలు ఇలస్ట్రేషన్లే.

ఇది చదువుతుంటే మనం ద్వారకా తిరుమల వెళ్లిన సంగతి గుర్తొచ్చింది. గర్భాలయంలో స్వామివారి విగ్రహాలు రెండు. ముందున్నది పైభాగం మాత్రమే కనిపిస్తుంది, వెనకది నిండు విగ్రహం. నా కళ్లు మోసం చేస్తున్నాయనుకున్నా. అర్చకులు హారతి ఎత్తి చూపిస్తూ చెప్పారు. ద్వారక మహర్షికి స్వామి పుట్టలో వెలిశారట, పాదాలు పుట్టలోనే ఉండిపోయాయట. పాదపూజ కోసం 11వ శతాబ్దంలో రామానుజాచార్యులవారు వెనక నిండు విగ్రహాన్ని ప్రతిష్ఠించారని స్థలపురాణం. నేననుకున్నది ఇల్యూజన్. ఆయన వెలుగు చూపి చెప్పింది ఇలస్ట్రేషన్!

నా అభిప్రాయం ఏమంటే, మాటను బట్టీపట్టడం కంటే దాని మూలం తెలుసుకుంటే మరిచిపోం. మా కోయ మాటలో 'ఏరు' అంటే నీళ్లు. తెలుగులో పారే వాగు. ఇక్కడ చేరిన కొత్తలో భోజనాల దగ్గర 'ఏరు' అడిగి నవ్వులపాలయ్యాను. ఆ మాట ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

అందుకే ఈ గోడపత్రికలో వారానికొక ఇంగ్లీషు మాట, పక్కనే మన ఇళ్లలో మాట్లాడే మాట ఒకటి, మూలంతో సహా రాద్దాం. తప్పు చెప్పినవాణ్ణి చూసి నవ్వితే అది పాత అర్థంలో ఇల్యూజన్. పక్కన కూర్చుని తెలియజెప్తే ఇలస్ట్రేషన్. మనకు కావలసింది రెండోది.