బెట్ట పెట్టే ముందు బావి చూడాలి

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లోనైనా, మహబూబ్‌నగర్ బజారులోనైనా ఫోన్ల షాపుల ముందు ఒకటే రకం బోర్డులు. జీరో డౌన్ పేమెంట్, నిమిషాల్లో లోన్. ఆధార్, పాన్ చూపిస్తే చాలు, నెల జీతం దాటిన ఫోన్ జేబులోకి వస్తుంది. బండి, టీవీ, ఫ్రిజ్ అన్నీ కిస్తీల మీదే నడుస్తున్నాయి. ఇది చూసి పెద్దవాళ్లు "ఇప్పటి పిల్లలకు ఓపిక లేదు" అంటారు. ఆ మాటతో నాకు సగం పేచీ ఉంది. ఓపిక తగ్గిన మాట నిజమే. అది పిల్లల పుట్టుకలోనే ఉన్న లోపమనుకుంటే మాత్రం మన రెండు జిల్లాల సంగతి మనకే తెలియనట్టు.

ఈ నేలకు ఓపిక కొత్త కాదు. నల్లగొండ బత్తాయి రైతును చూడండి. సాత్‌గుడి అంటు నాటాక నాలుగైదేళ్ల దాకా చెప్పుకోదగ్గ కాపు ఉండదు. అన్నేళ్లూ పాదులు తవ్వుతూ, తడులు పెడుతూ, సాళ్ల మధ్య పెసరో వేరుశనగో వేసుకుని ఇల్లు నెట్టుకొస్తాడు. కాపు పట్టే వయసొచ్చాక కూడా తోట తనంతట తాను ఒక్కసారిగా పూయదు. అందుకోసం రైతు నీళ్లు ఆపేస్తాడు. నేలను బట్టి నెల, నెలన్నర తోటను బెట్టకు వదిలేస్తాడు. పెంచిన చెట్ల ఆకు వాడి రాలుతుంటే చూస్తూ ఊరుకోవడం తేలిక కాదు. ఆ తర్వాత ఎరువు వేసి తడి ఇస్తే తోటంతా పూతకొస్తుంది.

అయితే బోరు ఎండిపోయినవాడు బెట్ట పెట్టడు. నెలన్నర గడిచాక నీళ్లు పారించగలనన్న ధీమా ఉన్నవాడే ఆ సాహసం చేస్తాడు. నీళ్లు దొరక్కపోతే చెట్టే పోతుంది. మనిషి ఓపికా ఇంతే. ఆగితే దక్కుతుందన్న నమ్మకం ఉన్నచోటే మనిషి ఆగుతాడు. ఆ నమ్మకం లేనిచోట ఎంత చెప్పినా ఆగడు, ఆగకపోవడమే తెలివి కూడా.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో మొదలుపెట్టిన మిఠాయి పరీక్ష చాలామంది వినే ఉంటారు. పిల్లవాడి ముందు ఒక మిఠాయి పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఆగితే రెండిస్తానని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్తారు. ఆగిన పిల్లలు తర్వాత చదువులో ముందున్నారన్న ఫలితం మన వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ఇప్పటికీ మోగుతూనే ఉంది. దాని తర్వాతి కథ మాత్రం ఎవరూ చెప్పరు. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం ఆ పరీక్షకు ముందు ఇంకో చిన్న ఏర్పాటు చేసింది. బొమ్మలు వేసుకోవడానికి మంచి సామాను తెస్తామని పిల్లలందరికీ చెప్పి, కొందరికి తెచ్చి ఇచ్చారు, కొందరికి లేదని చేతులూపేశారు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట దక్కిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్లను చూసిన పిల్లలు 3 నిమిషాలకే నోట్లో వేసుకున్నారు. 2018లో మరికొందరు పరిశోధకులు ఇంకా ఎక్కువమంది పిల్లల వివరాలతో పాత ఫలితాన్ని తిరిగి చూశారు. ఇంటి ఆర్థిక స్థితి, తల్లి చదువు వంటివి లెక్కలోకి తీసుకోగానే మిఠాయికీ చదువుకూ ఉన్న లంకె బాగా పలచబడింది.

ఈ వెలుగులో పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వలసను చూస్తే పాత నిందలు చాలా రాలిపోతాయి. గుంపు మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టిన అడ్వాన్సు తీసుకుని, ఆలుమగలు పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి ఆనకట్టల పనులకూ రోడ్ల పనులకూ వెళ్లేవారు. ఆ డబ్బు కూలిలోంచి కోతపడుతుందని, చివరికి మిగిలేది తక్కువేనని వాళ్లకు తెలియక కాదు. వాన నమ్మకం లేదు, పంట నమ్మకం లేదు, పని పూర్తయ్యాక కూలి మొత్తం ఇస్తారన్న నమ్మకమూ లేదు. చేతిలో పడిందే సొమ్ము. దాన్ని తొందరపాటు అనడం అన్యాయం.

బోర్ల కథ కూడా ఇదే. నల్లగొండ జిల్లా ముసంపల్లిలో సాగు భూమి దాదాపు 2,000 ఎకరాలైతే బోర్లు 6,000 దాకా ఉన్నాయని, ఊరి జనం కంటే బోర్లే ఎక్కువని రెండు దశాబ్దాల కింద పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. బోరు వేస్తే, పడితే, ఇవాళే నీళ్లు. చెరువు పూడిక తీస్తే నీళ్లు ఊరేది వానలు పడ్డాకే. రైతుకు ఈ తేడా తెలుసు. కానీ తాను ఆగితే పక్క చేనువాడు ఇంకో వంద అడుగులు లోతుకు దించుతాడు. ఆగినవాడికి మిగిలేది ఎండిన గొట్టం. బోరుకు అనుమతి తీసుకోవాలని 2002లో వాల్టా చట్టం వచ్చినా, పక్కవాడు కూడా ఆగుతాడన్న భరోసా అది ఇవ్వలేకపోయింది. ఒక్కడే ఆగే ఓపిక ఎక్కువ రోజులు నిలవదు. అందరూ కలిసి ఆగాలి.

కలిసి ఆగడం ఎట్లాగో కూడా పాలమూరు ఆడవాళ్లే చూపించారు. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పొదుపు సంఘాలను పెద్ద ఎత్తున కూడగట్టారు. 2000లో వచ్చిన వెలుగు పథకానికి పునాది అక్కడే పడింది. ఆ రోజుల్లో రోజుకు రూపాయి పొదుపు. కూలి దొరకని రోజులు బోలెడున్న ఇంట్లో రూపాయి పక్కన పెట్టడం చిన్న సంగతి కాదు. అయినా పెట్టారు. ఎందుకంటే సమావేశం ఫలానా రోజని ముందే తెలుసు. పుస్తకం అందరి ముందూ తెరుస్తారు. ఎవరు కట్టారో, ఎవరికి అప్పు ఇచ్చారో, మిత్తి ఎంతో గట్టిగా చదువుతారు. తన వంతు వచ్చినప్పుడు అప్పు దక్కిందని పక్కింటామె చెబుతుంది. ఓపిక గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఏర్పాటే నేర్పింది.

అదే ఆడవాళ్ల గుమ్మం ముందుకు తర్వాత మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. అప్పు వెంటనే, వసూలు వారం వారం. ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీ అప్పు. ఆత్మహత్యల దాకా పోయాక 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ముకుతాడు వేసింది. పదేళ్లకు ఆ పాత అప్పే లోన్ యాప్‌గా ఫోన్‌లోకి దిగింది. 2020 చివర్లో హైదరాబాద్ పోలీసులు యాప్‌ల ముఠాలను అరెస్టు చేసేనాటికే కొన్ని ప్రాణాలు పోయాయి. నిమిషంలో వచ్చే డబ్బుకు ఈ రాష్ట్రం ఇప్పటికే రెండుసార్లు గట్టి ధర చెల్లించింది.

మరి ఇంట్లో ఏం మార్చుకోవచ్చు? మనసును తిట్టుకునే పని మానేసి ఏర్పాట్లు మార్చుకోవాలి. మొదటిది, కొనడానికి ఒక రోజు పెట్టుకోవడం. మన ఊళ్లలో సంత చేసిన మేలు ఇదే. కావాల్సింది గుర్తుకొచ్చినా సంత రోజు దాకా ఆగేవాళ్లు, ఆలోగా సగం కోరికలు వాటంతటవే చల్లారేవి. ఇప్పుడు సంత ఇరవై నాలుగు గంటలూ జేబులోనే ఉంది. కాబట్టి నియమం మనమే పెట్టుకోవాలి. కావాల్సినవన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించి, ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని చూసి, అప్పటికీ కావాలనిపిస్తేనే కొనాలి.

రెండోది, ఖర్చయ్యాక మిగిలింది దాచుకుందామనే లెక్కను తిరగేయడం. జీతం పడిన రోజే కొంత కదలకుండా పక్కకు పోవాలి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతో మొదలవుతుంది, 5 ఏళ్ల గడువు. నలుగురు కలిసి ఒకే రోజు కడితే ఇంకా నిలబడుతుంది.

మూడోది, అప్పు తీసుకున్న రాత్రి ఇంకోసారి ఆలోచించడం. డిజిటల్ లోన్లకు 2022 నుంచి రిజర్వ్ బ్యాంకు ఒక వెసులుబాటు పెట్టింది. మనసు మారితే అసలు, ఆ కొద్ది కాలానికి అయిన వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఆ గడువు కనీసం ఒక రోజైనా ఉండాలి. బోర్డు మీద నిమిషాల్లో లోన్ అని రాసే షాపువాళ్లు ఈ ఒక్క రోజు సంగతి రాయరు. అడిగి తెలుసుకోవాలి.

ఇంతకంటే పెద్ద మార్పు మాత్రం ఆగేవాళ్ల చేతిలో లేదు, ఆగమని చెప్పేవాళ్ల చేతిలో ఉంది. కృష్ణా నీళ్లు తెస్తామని తవ్వుతున్న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కోసం నల్లగొండ రెండు దశాబ్దాలుగా ఎదురుచూస్తోంది. 2025 ఫిబ్రవరి 22న అది దోమలపెంట దగ్గర కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఇన్నేళ్లు ఆగినా నీళ్లు చూడని ఊళ్లకు పొదుపు గురించీ ఓపిక గురించీ చెప్పే అర్హత ప్రభుత్వానికి లేదు. నీళ్లకు చెప్పిన తేదీ, ధాన్యం డబ్బులకు చెప్పిన తేదీ, ఉపకార వేతనాలకు చెప్పిన తేదీ నిలబెట్టుకుంటే ఏ శిక్షణా అక్కర్లేకుండానే జనం ఆగడం నేర్చుకుంటారు.

ప్రభుత్వం సంగతి ప్రభుత్వాన్ని నిలదీసి తేల్చుకుందాం. మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. మీ దగ్గర పనిచేసేవాళ్లకు కూలి ఇస్తానన్న రోజున ఇవ్వండి. ఇంట్లో పిల్లలకు ఆదివారం కొనిస్తానని చెబితే ఆదివారమే కొనివ్వండి, కొనలేకపోతే ముందే చెప్పండి. వాళ్లను ఆగమని చెప్పే హక్కు అప్పుడే మనకు వస్తుంది.