నిదానపు వంటపాత్ర

పిల్లలూ! మీ ఇంట్లోకి కొత్తగా 'స్లో కుక్కర్' వచ్చిందనుకోండి. ఉదయం పప్పూ కూరలూ వేసి మూతపెట్టి బడికి వెళితే, సాయంత్రానికి వంట సిద్ధం! వింతగా లేదూ?

నిజానికి ఈ ఉపాయం పాతదే. మన పల్లెల్లో పిడకల దాలిమీద పాలకుండ పెట్టి, గంటల తరబడి ఎర్రగా కాగనిచ్చేవారు. లిథువేనియాలోని యూదులకు శనివారం పొయ్యి వెలిగించకూడదని ఆచారం. అందుకని శుక్రవారమే కూరకుండను రొట్టెల బట్టీకి పంపి, ఆరిపోతున్న పొయ్యి వేడిలో రాత్రంతా ఉంచేవారు. ఈ సంగతి తల్లి చెప్పగా విన్న ఇర్వింగ్ నాక్సన్, అమెరికాలో విద్యుత్తుతో పనిచేసే పాత్రను తయారుచేశాడు. దానికి 1940లో పేటెంటు లభించింది.

ఇందులో మందపాటి పింగాణీ పాత్ర, దాని చుట్టూ వేడెక్కే తీగ ఉంటాయి. వేడి సన్నగా ఉంటుంది గనుక కూర కళపెళ మరగదు. ఆవిరి మూతకు తగిలి, నీరై మళ్ళీ లోపలే పడుతుంది. అందుచేత నీళ్ళు తక్కువే పోయాలి. మాటిమాటికీ మూత తీశారో, వేడి పోయి వంట ఆలస్యమవుతుంది!

ఒక్క హెచ్చరిక. రాజ్మా గింజలను పచ్చివిగా ఇందులో వేయకూడదు. వాటిలోని విషపదార్థం సన్నని వేడికి నశించదు; తింటే వాంతులు, విరేచనాలు తప్పవు. రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో పొయ్యిమీద అరగంట బాగా మరిగించాకే ఇందులో వేయాలి.

ఈ మాట అమ్మకూ నాన్నకూ చదివి వినిపించండి. నిదానమే ప్రధానం అంటారు. రాజ్మాకు మాత్రం ముందు మంట, తరువాతే నిదానం!