కారు పూతపై 9హెచ్ లెక్క: పెన్సిల్‌తో కొలత, వజ్రం పేరుతో అమ్మకం

ఢిల్లీ కరోల్ బాగ్‌లో కార్ల అలంకరణ సామాన్లు అమ్మే వీధుల్లో నడుస్తుంటే ఒక అంకె పదేపదే కంటపడుతుంది: 9హెచ్. సిరామిక్ కోటింగ్ వేయిస్తే పెయింటు మీద గీత పడదని, ఆ పూత కాఠిన్యం 9హెచ్ అని బోర్డులు చెబుతాయి. వజ్రం కాఠిన్యం 10 కాబట్టి ఇది వజ్రానికి ఒక్క మెట్టు కింద అన్న వివరణా వినిపిస్తుంది. పూత ఖరీదు వేలల్లో, పెద్ద కారైతే పదుల వేలల్లో ఉంటుంది. నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో ఉద్యోగంలో చేరి, వాయిదాల మీద మొదటి కారు కొన్న కుటుంబం ఆ అంకెను నమ్మే డబ్బు కడుతుంది. అంకె అబద్ధం కాకపోవచ్చు. కానీ అది చెప్పే సంగతి ఒకటి, కొనేవారికి వినిపించే సంగతి మరొకటి.

వజ్రాన్ని 10గా పెట్టిన కొలమానాన్ని జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించాడు. పది ఖనిజాలను వరుసగా పేర్చి, ఏది దేన్ని గీకుతుందో చూడటమే దాని పద్ధతి. టాల్క్ 1, క్వార్ట్జ్ 7, కురువిందం 9, వజ్రం 10. ఇవి వరుస సంఖ్యలు మాత్రమే. అసలు కాఠిన్యాన్ని కొలిస్తే కురువిందానికీ వజ్రానికీ మధ్య ఉన్న దూరం, టాల్క్‌కూ కురువిందానికీ మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువ. అంటే ఆ కొలమానంలో నిజంగా 9 వచ్చినా 'వజ్రానికి ఒక్క మెట్టు కింద' అనడం సరికాదు.

అయితే 9హెచ్‌లోని హెచ్‌కు మోస్‌తో సంబంధమే లేదు. అది పెన్సిల్ మీద ఉండే హెచ్. బడిలో డ్రాయింగ్ క్లాసుకు కొనే హెచ్‌బీ, 2బీ, 2హెచ్ పెన్సిళ్ల కుటుంబంలోదే. గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చి ములుకు చేసే పద్ధతికి ఫ్రాన్స్‌లో నికొలా జాక్ కాంటే 1795లో పేటెంట్ పొందాడు. మట్టి పాలు పెరిగేకొద్దీ ములుకు గట్టిపడుతుంది. పెయింట్ల పరిశ్రమ ఈ పెన్సిళ్లనే కొలమానంగా మార్చుకుంది. ములుకు కొనను చదును చేసి, 45 డిగ్రీల కోణంలో, 750 గ్రాముల బరువుతో పూత మీద నెడతారు. గీత పడిందా లేదా చూస్తారు. ఐఎస్ఓ 15184 ప్రమాణంలోని పరీక్ష ఇదే. 9హెచ్ అంటే ఆ స్థాయి పెన్సిల్ ఆ పూతను గీకలేకపోయిందని అర్థం. అంతకుమించి ఏమీ లేదు.

పెన్సిల్ ములుకు ఎంత గట్టిదైనా అందులో ఉన్నది గ్రాఫైటూ మట్టే. రోడ్డు మీది ఇసుక రేణువు క్వార్ట్జ్. పెన్సిల్‌కు తట్టుకున్న పూత ఇసుకకూ తట్టుకుంటుందని చెప్పడానికి ఆ పరీక్షలో ఆధారం లేదు. పైగా సిరామిక్ పూత మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని కింద ఉండేది క్లియర్ కోట్ అనే పారదర్శక పాలిమర్ పొర. గట్టిదైన పలుచటి పొర మెత్తటి దాని మీద ఉన్నప్పుడు బరువును మోసేది కింది పొరే. జున్ను మీద పూతరేకు పరిచి వేలితో నొక్కితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఆత్రేయపురం దాకా వెళ్లనక్కర్లేదు.

సిరామిక్ పూతలు పనికిరానివేం కావు. నీరు నిలవకుండా జారిపోతుంది, మురికి గట్టిగా పట్టుకోదు, కడగడం తేలికవుతుంది. ఢిల్లీలాంటి నగరంలో ఇవి చిన్న లాభాలు కావు. అమ్మేవారు ఈ గుణాలు చెప్పి అమ్మితే అభ్యంతరం ఎవరికుంటుంది?

ఢిల్లీ కారు మీద ఏం పడుతోందో చూస్తే అసలు సమస్య తెలుస్తుంది. ఐఐటీ కాన్పూర్ పరిశోధకులు 2016లో ఢిల్లీ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, నగరంలోని పీఎం 10 ఉద్గారాల్లో 56 శాతం, పీఎం 2.5 ఉద్గారాల్లో 38 శాతం రోడ్డు దుమ్మేనని లెక్కగట్టారు. మే, జూన్ నెలల్లో పడమటి నుంచి వచ్చే దుమ్ముగాలులు దీనికి అదనం. శీతాకాలం సంగతి వేరు. ఢిల్లీ గాలిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియా కలిసి క్లోరైడ్ కణాలు ఏర్పడుతున్నాయని, అవి తేమను పీల్చుకుని ఉబ్బి పొగమంచును చిక్కబరుస్తున్నాయని ఐఐటీ మద్రాస్‌కు చెందిన సచిన్ గుంతే బృందం 2021లో నేచర్ జియోసైన్స్ పత్రికలో వివరించింది. నీటిని అంతగా ఇష్టపడే లవణాలు కారు పైకప్పు మీద చేరితే తెల్లవారుజామున మంచులో కరుగుతాయి. ఎండ రాగానే నీరు ఆవిరై, చిక్కటి ద్రావణం చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. ఇక బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను, ఎక్కడో ఒకచోట ఎప్పుడూ సాగే కట్టడాల సిమెంటు, కఠిన జలంతో కడిగితే మిగిలే సున్నపు మచ్చలు ఏడాది పొడవునా ఉండేవే. జూలైలో కర్తవ్యపథ్ పరిసరాల్లో నేరేడు చెట్ల కింద కారు ఆపినవారికైతే రాలిన పళ్లతో పాటు, వాటిని తిన్న పక్షుల రెట్టలు కూడా తప్పవు.

ప్రకటనల్లో తరచుగా కనిపించే మరో భయం ఆమ్ల వర్షం. ఇది చాలావరకు అరువు తెచ్చుకున్న భయం. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో కార్ల పెయింటు మీద ఆమ్లపు మచ్చలు పెద్ద సమస్యే; పెయింట్ కంపెనీలు పరీక్ష పలకలను ఆరుబయట ఉంచడానికి ఆ ఊరినే ఎంచుకునేవి. ఉత్తర భారతంలో మాత్రం మట్టి దుమ్ములోని కాల్షియం కార్బొనేట్ వాననీటి ఆమ్లాన్ని చాలావరకు తటస్థం చేస్తుందని దశాబ్దాల పరిశీలనలు చెబుతున్నాయి. ఢిల్లీ కారును ఎక్కువగా పాడుచేసేది వాన ఆమ్లం కంటే, వానకు ముందు చేరిన దుమ్మూ దాన్ని తుడిచే తీరూ.

ఇన్ని రకాల మురికిని ఒకే దెబ్బతో వదిలించే మందు లేదు. ముందు నీరు, ఆ తర్వాత రసాయనం, రాపిడి ఆఖరున అన్న వరుస పాటిస్తే నష్టం తక్కువ. వదులుగా ఉన్న దుమ్ము నీటి ధారకే పోతుంది. మసి, జిడ్డు కారు షాంపూకు లొంగుతాయి. తారుకు ద్రావణి కావాలి. సున్నపు మచ్చకు వెనిగర్‌లాంటి బలహీన ఆమ్లాన్ని కొద్దిసేపు ఉంచి వెంటనే కడిగేస్తే చాలు. పెయింటులో గుచ్చుకుని తుప్పు పట్టిన ఇనుప రజను కోసం చల్లే ద్రవం నిమిషాల్లో ఊదారంగులోకి మారుతుంది. దుకాణాల్లో దీన్ని గారడీలా చూపిస్తారు. అందులోది థయోగ్లైకోలేట్ లవణం. జుట్టు ఉంగరాలు తిప్పే లోషన్లలో, వెంట్రుకలు తొలగించే క్రీముల్లో వాడేది ఈ కుటుంబపు రసాయనమే. ఆ ఘాటైన వాసన కూడా అక్కడిదే. ఇనుము అయాన్లను పట్టుకుని కరిగే సంయోగంగా మార్చడం దాని పని. రంగు మారిందంటే అక్కడ ఇనుము ఉందనే అర్థం. పెయింటు పాడైందనీ కాదు, ఇక పాలిష్ చేయక తప్పదనీ కాదు.

ఇవన్నీ అయ్యాక కూడా పెయింటు గరుకుగా తగిలితే క్లే బార్ వంతు. చేతికి పలుచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తడి పెయింటు మీద నిమిరితే మామూలుగా తెలియని గరుకు కూడా తెలుస్తుంది. 'క్లే' అనగానే మట్టే కదా, ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. ఆ పొరపాటుకు ఢిల్లీ పక్కనే మంచి పోలిక ఉంది. పసుపు బారిన తాజ్‌మహల్ పాలరాయికి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 1994 నుంచి పలుమార్లు ముల్తానీ మట్టి పూత వేసింది. ఆ మట్టి ఆరుతూ మురికిని తనలోకి పీల్చుకుంటుంది, తర్వాత కడిగేస్తారు. అందులో రాపిడి దాదాపు లేదు. కారు క్లే అలా కాదు. అది మెత్తటి పాలిమర్ ముద్దలో సన్నటి రాపిడి పొడి కలిపిన పదార్థం. జపాన్‌కు చెందిన తదావో కొదాతే పేరిట 1990లలో వచ్చిన అమెరికా పేటెంట్ దాన్ని వంగే సానరాయిగానే పేర్కొంది. కందెన ద్రవం సరిగా చల్లకుండా, కింద పడిన ముక్కను మళ్లీ వాడితే అది పేరుకు తగ్గ పని చేస్తుంది. పెయింటు గరుకు లేకపోయినా నెలనెలా క్లే చేయించడం శుభ్రత అనిపించుకోదు, అరగదీయడం అనిపించుకుంటుంది.

అరగదీయడానికి అక్కడ ఉన్నదెంత? క్లియర్ కోట్ మందం చాలా కార్లలో 35 నుంచి 50 మైక్రాన్ల మధ్య ఉంటుంది. తల వెంట్రుక కంటే పలుచన. మెషీన్ పాలిషింగ్‌లో గీతలు మాయమైనట్టు కనిపించేది వాటి చుట్టూ ఉన్న పొరను గీత అడుగు దాకా దించడం వల్ల. ఒక్కోసారికి 3 మైక్రాన్లు పోతాయనుకుంటే, ఏటా దీపావళికి పాలిష్ చేయించే కారు ఐదేళ్లలో 15 మైక్రాన్లు పోగొట్టుకుంటుంది. కింది రంగును అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే పదార్థాలు ఉండేది ఈ పొరలోనే. పోయిన మందాన్ని ఏ సిరామిక్ పూతా తిరిగి ఇవ్వదు. మళ్లీ పెయింటు వేయించుకోవాల్సిందే.

అందుకే పాలిష్‌కు ముందు క్లియర్ కోట్ ఎంత గట్టిదో అంచనా వేయడం ముఖ్యం. ఇక్కడా నమ్మకాలకు కొదవ లేదు. జర్మన్ కార్లవి గట్టివి, జపాన్ కార్లవి మెత్తనివి అన్నది పాలిషింగ్ చేసేవారి నోట వినిపించే మాట. దేశాన్ని బట్టి రసాయనం నిర్ణయం కాదు. ఒకే కారులో కూడా తేడా ఉంటుంది. ఫ్యాక్టరీలో పూతను సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. డొక్కు పోయిన తలుపుకు రిపేరు షెడ్డులో వేసే పూత వేరే రకం, దాన్ని దాదాపు 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు. ఆ తలుపునూ పక్క తలుపునూ ఒకే ప్యాడుతో రుద్దితే ఫలితం ఒకేలా ఉండాలని లేదు. ఉష్ణోగ్రత ప్రభావమూ తక్కువేం కాదు. పాలిమర్ వేడికి మెత్తబడుతుంది. ప్రయోగశాలలో పెన్సిల్ పరీక్ష చేసేది 23 డిగ్రీల దగ్గర. మే మధ్యాహ్నం ఎండలో నిలిపిన నల్ల కారు పైకప్పు చెయ్యి పెట్టనివ్వదు. ఒకే పూత జనవరిలో ఒకలా, జూన్‌లో మరోలా ప్రవర్తిస్తుంది.

అసలు గట్టిదనమే మంచిదన్న అభిప్రాయాన్నే ప్రశ్నించాలి. నిస్సాన్ 2005లో 'స్క్రాచ్ షీల్డ్' పేరుతో ప్రకటించిన క్లియర్ కోట్‌లో సాగే గుణమున్న రెసిన్ వాడారు. సన్న గీత పడితే పాలిమర్ మెల్లగా తిరిగి పూడుకుంటుంది, వెచ్చదనం ఉంటే త్వరగా. గీతను ఎదిరించడానికి గట్టిదనం ఒక దారి, వంగి మళ్లీ లేవడం ఇంకో దారి. ఈ రెండో గుణాన్ని పెన్సిల్ పరీక్ష సరిగా పట్టుకోలేదు.

నికరమైన పద్ధతి ఒకటుంది, ఆకర్షణీయమైన అంకె లేదు కాబట్టి దాన్ని ఎవరూ బోర్డు మీద రాయరు. కారు మీద జానెడు చోటు ఎంచుకుని, అన్నిటికంటే మెత్తటి ప్యాడు, అన్నిటికంటే సన్నటి పాలిష్‌తో మొదలుపెట్టి, చాలకపోతేనే ఒక్కో మెట్టు పెంచుతూ వెళ్లడం. దానికి తోడు మందం కొలిచే గేజ్ కావాలి. ఉక్కు మీద అయస్కాంత ప్రేరణతో, అల్యూమినియం మీద సుడి విద్యుత్ ప్రవాహాలతో పనిచేసే ఈ చేతి పరికరాలు లోహం నుంచి పై ఉపరితలం దాకా మొత్తం మందాన్ని చెబుతాయి. అందులో క్లియర్ కోట్ వాటా ఎంతో విడిగా చెప్పవు. అయినా పాలిష్‌కు ముందూ తర్వాతా ఒకే చోట కొలిస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. ఆ తేడాను బిల్లు మీద రాయించుకోవడం వినియోగదారు హక్కుగా మారాలి.

తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు జారీ చేసింది. పరీక్షించదగిన విషయాలపై చేసే ప్రకటనలకు రుజువు ఉండాలని అవి చెబుతున్నాయి. 9హెచ్ అచ్చంగా అలాంటి విషయమే. ఏ ప్రమాణం ప్రకారం, దేని మీద పూసి, ఎంత మందంలో, ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారు? గాజు పలక మీద వచ్చిన ఫలితాన్ని కారు తలుపుకు అంటగడుతున్నారా? ఈ నాలుగు వివరాలు అంకె పక్కనే అచ్చువేయమని అడగడం పెద్ద కోరికేం కాదు. వజ్రం బొమ్మను మాత్రం తీసేయించాలి.

పెయింటు మీద కనిపించే సాలెగూడు గీతల్లో చాలావాటికి మూలం దుకాణంలో లేదు, కాలనీ పార్కింగ్‌లో ఉంది. తెల్లవారక ముందే ఒక మనిషి బకెట్టు, గుడ్డతో వచ్చి వరుసగా పాతిక ముప్ఫై కార్లు తుడుస్తాడు. మొదటి కారు మీది ఇసుక అదే గుడ్డతో చివరి కారు దాకా ప్రయాణిస్తుంది. తప్పు అతనిదని తేల్చేయడం సులువు. కారుకు నెలకు కొన్ని వందలిచ్చి, ఆఫీసుకు బయల్దేరే వేళకు కారు మెరవాలని కోరేది యజమానే. నీళ్ల పైపు వాడటానికీ వీల్లేదు. నీటి ఎద్దడి ముదిరిన 2024 మే నెలలో, పైపుతో కార్లు కడగడంలాంటి నీటి వృథాకు రూ. 2,000 జరిమానా వేయాలని ఢిల్లీ ప్రభుత్వం ఆదేశించింది. ఆ ఆదేశం సబబైనదే. అలాగని పొడి దుమ్మును పొడిగుడ్డతో రుద్దడం ఒక్కటే మిగిలిన దారి కాదు. రేణువులను చుట్టి జారేలా చేసే రిన్స్‌లెస్ వాష్ ద్రవం కలిపితే ఒక బకెట్టు నీటితో కారంతా తుడవచ్చు. గుడ్డను మడతలు మార్చుతూ, ఒక్కో మడతను ఒక్కసారే వాడాలి. పిండటానికి రెండో బకెట్టు ఉండాలి. దుమ్ముగాలి వీచిన మర్నాడు అసలు తుడవకుండా వదిలేయడం ఇంకా మంచిది. ఈ రెండో బకెట్టూ, పది మైక్రోఫైబర్ గుడ్డలూ, నెలకు సరిపడా ద్రవమూ కొనివ్వాల్సింది కాలనీ సంక్షేమ సంఘం. ఖర్చును పాతిక మంది యజమానులు పంచుకుంటే తలా ఒక టీ, సమోసా డబ్బులవుతాయి.